మీటరు లెక్క, మన లెక్క: కరెంటు బిల్లులపై పాఠకుల ప్రశ్నలు

కరెంటు బిల్లుల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటిని క్లుప్తపరచి, సమాధానాలతో ఇక్కడ ఇస్తున్నాము. లెక్కలన్నీ 2022లో గృహ వినియోగదారులకు అమలులోకి వచ్చిన శ్లాబుల ప్రకారం వేసినవి: నెలలో మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. స్థిర ఛార్జీ, వినియోగదారు ఛార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు ఛార్జీలు వీటికి అదనం.

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం. ఇంట్లో నేనూ మా వారూ ఇద్దరమే ఉంటాము. పక్క వాటాను అద్దెకు ఇచ్చాము, దానికి వేరే మీటరు ఉంది. ఏనాడూ నెలకు 150 యూనిట్లు దాటని మాకు మూడు నెలలుగా 340 యూనిట్లు పడుతున్నాయి. ఏడు వందల చిల్లర కట్టే వాళ్లం రెండు వేల రెండు వందలు కట్టాల్సి వస్తోంది. లైన్‌మన్ వచ్చి చూసి, మీటరు బాగానే ఉందమ్మా, మీరే వాడుతున్నారు అని చెప్పి వెళ్లారు. మీటరు మీద ‘ఎర్త్’ అని రాసి ఉన్నచోట ఎర్ర దీపం రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంది. మేము ఏమి చేయాలి? (ఒక గృహిణి)

సమాధానం: అమ్మా, మీరు చివర రాసిన మాటనే మొదట రాసి ఉండవలసింది. మీ ఇబ్బందికి కారణం ఆ ఎర్ర దీపంలోనే ఉన్నదని నా అనుమానం.

ఇంట్లోకి కరెంటు ఫేజు తీగ ద్వారా వచ్చి, వాడకం అయిన తరువాత న్యూట్రల్ తీగ ద్వారా వెనక్కి పోతుంది. ఎంత వచ్చిందో అంతే పోవాలి. ఈ రెండింటికీ తేడా వచ్చినప్పుడు ఆ దీపం వెలుగుతుంది. ఒకప్పుడు కొందరు న్యూట్రల్ తీగను తప్పించి, పెరట్లో ఇనుప కడ్డీ పాతి, కరెంటును భూమిలోకి పంపి మీటరును మోసగించేవారు. దానికి విరుగుడుగా ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లను రెండు తీగలనూ విడివిడిగా కొలిచి, ఏది ఎక్కువగా ఉంటే దానినే లెక్కలోకి తీసుకునేటట్లు తయారుచేశారు. దొంగలను పట్టుకోవడానికి పెట్టిన ఈ ఏర్పాటు, వైరింగు సరిగా లేని ఇంట్లో ఏ పాపమూ ఎరుగని వాళ్ల మీద పడుతోంది.

వాటాల ఇళ్లలో సాధారణంగా జరిగేది ఇది. రెండో వాటా కట్టినప్పుడో, ఇన్వర్టరు పెట్టించినప్పుడో, పనివాడు తీగ ఆదా అవుతుందని రెండు ఇళ్ల న్యూట్రళ్లను ఒకే పెట్టెలో కలిపేస్తాడు. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. కానీ అద్దెకున్న వారి ఫ్రిజ్ వారి ఫేజు మీద తీసుకున్న కరెంటు తిరుగు ప్రయాణంలో మీ న్యూట్రల్ మీదుగా పోతుంది. వారి మీటరు దానిని ఫేజు వైపు లెక్క వేస్తుంది, మీ మీటరు అదే కరెంటును న్యూట్రల్ వైపు మరోసారి లెక్క వేస్తుంది. ఒకే ఫ్రిజ్‌కు రెండు ఇళ్లవారూ డబ్బు కడతారు.

దీనిని మీరే కొంతవరకు నిర్ధారించుకోవచ్చు. ముందుగా మీ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, మీటరు మీద యూనిట్లకు గుర్తుగా మెరిసే చిన్న దీపాన్ని రెండు నిమిషాలపాటు గమనించండి. మీ ఇంట్లో ఏదీ నడవకపోయినా అది మెరుస్తూ ఉంటే, పక్క వాటా వారిని ఇస్త్రీ పెట్టె వేయమని అడగండి. అప్పుడు మెరుపుల వేగం పెరిగిందంటే ఇక సందేహం అక్కరలేదు. కొన్ని ఇళ్లలో మెయిన్ స్విచ్ ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ ఆపుతుంది. అటువంటప్పుడు మీరు స్విచ్ ఆపగానే పక్కింట్లో కూడా దీపాలు ఆరిపోతే, అదీ ఇదే కథ. ఇంతవరకే మీ పని. కలిసిపోయిన న్యూట్రల్‌ను విప్పేటప్పుడు, స్విచ్ ఆపి ఉన్నా షాకు కొట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. మీటరు సీళ్లను మాత్రం ఎవరినీ ముట్టనివ్వకండి.

మెయిన్ ఆపితే మెరుపులు పూర్తిగా ఆగిపోయి, వేస్తే ఎర్త్ దీపం వెలుగుతున్నదంటే, తప్పు మీ ఇంటి గోడల మధ్యనే ఉంది. బోరు మోటారు చుట్టలోనో, గీజరు కాయిలులోనో, కార్తీక మాసపు వానలకు నాని చెమ్మపట్టిన గోడలోని తీగలోనో కరెంటు భూమిలోకి కారుతూ ఉంటుంది. ఒక్కొక్క వస్తువునూ ఆపుతూ పోతే ఎక్కడ దీపం ఆరుతుందో అక్కడ దొంగ దొరుకుతాడు. మా ఇంట్లో రెండు నెలలపాటు మీటరును తిట్టి, చివరకు బావి దగ్గరి మోటారు స్టార్టరును పట్టుకున్నాము కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఇక మీటరే తప్పు చూపుతున్నదేమో చూడాలనుకుంటే, నీళ్లు కాచే 1000 వాట్ల రాడ్డు ఒక్కటి మాత్రం వేసి, మిగతావన్నీ ఆపి, నిమిషానికి ఎన్ని మెరుపులు వస్తున్నాయో లెక్కపెట్టండి. మీటరు మీద యూనిట్‌కు 3200 మెరుపులని రాసి ఉంటే, నిమిషానికి దాదాపు 53 రావాలి; 1600 అని ఉంటే 27 రావాలి. ఓల్టేజీ 230 నుంచి 210కి పడిపోయినప్పుడు రాడ్డు తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి 53కు బదులు 44 దగ్గర ఆగుతుంది, దానిని మీటరు నెమ్మదించిందని అనుకోకూడదు. ఇస్త్రీ పెట్టెతో ఈ పరీక్ష చేయవద్దు, వేడెక్కగానే అది తనంతట తాను ఆగిపోతుంది. 53కు బదులు 65, 70 వస్తున్నాయంటే అప్పుడు మీటరును అనుమానించండి.

ఆ అనుమానం గట్టిపడితే నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, మీ ప్రాంతపు కరెంటు సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. వినియోగదారుల హక్కులపై కేంద్రం 2020లో చేసిన నిబంధనలను 2024లో సవరించారు. ఆ సవరణ ప్రకారం, రీడింగు వాడకానికి పొంతన లేకుండా ఉన్నదని ఫిర్యాదు వస్తే, పంపిణీ సంస్థ 5 రోజులలోగా పక్కన మరో మీటరు పెట్టి, కనీసం 3 నెలలపాటు రెండింటినీ పోల్చి చూడాలి. లైన్‌మన్ కంటితో చూసి బాగానే ఉందనడం పరీక్ష కిందికి రాదు. ఈలోగా బిల్లు కట్టలేదని కనెక్షన్ తీసివేస్తారనే భయం ఉంటే, 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ మీకు రక్షణగా ఉంది: అడిగిన మొత్తం, గత 6 నెలల సగటు ఛార్జీ, ఈ రెండింటిలో తక్కువైన దానిని ‘అభ్యంతరంతో’ అని రాసి కట్టినవారి కనెక్షన్‌ను వివాదం తేలేదాకా తీసివేయకూడదు.

తప్పు మీ వైరింగులోనిదే అని తేలితే మాత్రం, ఇప్పటికే కట్టిన డబ్బు తిరిగి వస్తుందని నేను ఆశ పెట్టలేను. మీటరు దాటిన తరువాత తీగ బాధ్యత ఇంటివారిదే.

ప్రశ్న: పొదిలిలో ఉంటున్నాను. రీడింగు తీసేవారు మూడు నెలలు మా వీధికి రాకుండానే ఇంటికి తాళం అని రాసుకుని నామమాత్రపు బిల్లులు ఇచ్చారు. నాలుగో నెలలో ఒకేసారి 600 యూనిట్లు వేశారు. అడిగితే, వాడారు కాబట్టి కట్టండి అంటున్నారు. (ఒక ఉపాధ్యాయుడు)

సమాధానం: వాడిన యూనిట్లకు డబ్బు కట్టవలసిందే, అందులో వివాదం లేదు. వివాదమంతా ఏ ధరకు అన్నదే. 600 యూనిట్లను ఒకే నెల వాడకంగా లెక్కిస్తే యూనిట్ల ధర 4,498 రూపాయలు అవుతుంది. అవే 600 యూనిట్లను నాలుగు నెలలకు 150 చొప్పున పంచితే నెలకు 567, మొత్తం 2,268 మాత్రమే. ఎవరో చేయని పనికి మీరు కడుతున్న జరిమానా 2,230 రూపాయలన్నమాట.

అందువల్ల మీ అర్జీలో “బిల్లు ఎక్కువగా వచ్చింది” అని రాయకండి. అలా రాసిన అర్జీలకు, మీటరు సరిగానే ఉంది అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. చివరిసారి నిజంగా రీడింగు తీసిన తేదీ, అంకె, ఇప్పటి తేదీ, అంకె రాసి, మధ్యలో గడిచిన నెలలకు యూనిట్లను సమానంగా విభజించి ఒక్కొక్క నెలకు విడిగా శ్లాబులు వర్తింపజేయాలనీ, ఇప్పటికే కట్టిన మూడు బిల్లులను మినహాయించాలనీ కోరండి. అర్జీని ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఇచ్చినా, బిల్లును సవరించే పని విద్యుత్ రెవెన్యూ కార్యాలయంలో జరుగుతుంది కనుక ఒక నకలును అక్కడి ఏఏవోకు (అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసరుకు) కూడా ఇవ్వండి. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కాగితం నడిచే లోపల గడువు తేదీ దాటిపోయి సర్‌ఛార్జి పడటం చాలామందికి అనుభవమే.

రీడింగు లేకుండా ఇచ్చే తాత్కాలిక బిల్లులు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండింటికి మించకూడదనీ, ప్రకృతి వైపరీత్యం వంటి అసాధారణ పరిస్థితులలో తప్ప రెండు దాటి కొనసాగితే అసలు రీడింగుతో బిల్లు ఇచ్చేవరకు వినియోగదారుడు చెల్లింపు నిరాకరించవచ్చుననీ 2020 నిబంధనలలోనే ఉంది. ఉపాధ్యాయులు కనుక మీకు చెప్పనక్కరలేదు, హాజరుపట్టీలో ఉన్నదే హాజరు. ప్రతి నెలా ఒకే తేదీన మీటరు అంకెను ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే, ఇంటికి తాళం ఉన్నదన్న వాదన మీ ముందు నిలవదు.

ప్రశ్న: మాది ఒంగోలు. రీడింగు 30 రోజులకు తీయవలసింది 35 రోజులకు తీశారు. అందువల్ల 210 యూనిట్లు రావలసిన చోట 245 వచ్చి, 225 దాటిన కారణంగా బిల్లు మొత్తం పై శ్లాబులోకి వెళ్లిపోయింది. కావాలనే ఆలస్యం చేస్తున్నారని మా కాలనీలో అందరి అభిప్రాయం. (ఒక విశ్రాంత ఉద్యోగి)

సమాధానం: బిల్లు మొత్తం పై శ్లాబులోకి వెళ్లదు. 2022కు ముందు వాడకాన్ని బట్టి వినియోగదారులను గ్రూపులుగా విడదీసే పద్ధతి ఉండేది, అప్పుడు గీత దాటితే కింది యూనిట్లకు కూడా ధర మారేది. ఆ గ్రూపులను తీసివేశారు, భయం మాత్రం మనలో మిగిలిపోయింది. ఇప్పుడు 225 దాటిన ఆ 20 యూనిట్లకు మాత్రమే 6 రూపాయలకు బదులు 8.75 పడుతుంది, అంటే 55 రూపాయలు. తరువాతి నెల రీడింగు మళ్లీ సకాలంలో తీస్తే ఆ నెలకు 175 యూనిట్లే వస్తాయి. రెండు నెలలూ కలిపి చూస్తే 1,854 కట్టవలసిన చోట 1,909 కట్టారు. ఆ 55 రూపాయలు అడగడం మీ హక్కే, అడగండి. కానీ వందలకు వందలు తేడా కనిపిస్తున్నదంటే కారణం ఆ అయిదు రోజుల్లో లేదు, ఎండాకాలంలో ఏసీ ఎన్ని గంటలు నడిచిందో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నెల్లూరులో మూడు వాటాల ఇంట్లో అద్దెకు ఉన్నాము. ఇంటి మొత్తానికి ఒకటే సర్వీసు. యజమాని సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు వసూలు చేస్తున్నారు. మేము వాడేది 120 యూనిట్లే. ఇది న్యాయమేనా? (ఒక అద్దెదారు)

సమాధానం: మీ యజమాని అత్యాశపరుడో కాదో నాకు తెలియదు కానీ, ఒకే సర్వీసు ఉండటం వల్ల ఇంటి మొత్తానికి నష్టం జరుగుతోంది. మూడు వాటాలూ 120 చొప్పున వాడితే సర్వీసు మీద 360 యూనిట్లు పడి, యూనిట్ల ధర 2,198 అవుతుంది. అదే మూడు వాటాలకూ మూడు సర్వీసులు ఉంటే ఒక్కొక్కరికి 394.50, మొత్తం 1,183.50. అంటే ఒకే మీటరు మీద ఉన్నందుకు నెలనెలా వెయ్యి రూపాయలకు పైగా వృథాగా పోతోంది. ఇదంతా పక్కన పెట్టినా, 360 యూనిట్లకు 10 రూపాయల చొప్పున వసూలైతే 3,600 అవుతుంది, పైబడిన ఛార్జీలన్నీ కలిపినా బిల్లు అంత కాదు.

మన రాష్ట్రంలో విద్యుత్ సరఫరా షరతుల ప్రకారం, వేరే వంటగది ఉన్న కుటుంబాన్ని వేరే గృహంగా పరిగణించి విడి సర్వీసు ఇవ్వవచ్చు. యజమాని దరఖాస్తు పెట్టాలి లేదా మీరు పెట్టుకోవడానికి ఆయన సమ్మతి పత్రం ఇవ్వాలి. తగాదాగా కాకుండా, పై లెక్క కాగితం మీద వేసి చూపించి మాట్లాడండి. డిపాజిట్టు, వైరింగు ఖర్చు ఎవరు భరించాలన్నది ముందే తేల్చుకోవడం మంచిది.

ప్రశ్న: ఆత్మకూరు నుంచి రాస్తున్నాను. మా ముందు గదిలో 2017 నుంచి 2019 వరకు చిన్న కుట్టుపని దుకాణం నడిచింది. అప్పుడు గృహ కేటగిరీ కింద తక్కువ బిల్లు వేశామని చెప్పి, తేడా మొత్తం వారంలో కట్టకపోతే ఫ్యూజు తీసివేస్తామని ఇప్పుడు నోటీసు ఇచ్చారు. (ఒక పాఠకుడు)

సమాధానం: మొదట గడువు సంగతి. బాకీ కోసం కనెక్షన్ తీయాలంటే విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఉండాలి. వారం చాలదు.

ఇక బాకీ సంగతి అంత తేలికది కాదు. మొదటిసారి చెల్లించవలసి వచ్చిన తేదీ నుంచి రెండేళ్లు దాటిన మొత్తాన్ని, అది ప్రతి బిల్లులోనూ బకాయిగా చూపుతూ వస్తే తప్ప, వసూలు చేయకూడదని అదే సెక్షన్ చెబుతుంది. అయితే ‘మొదటిసారి’ అంటే వాడిన రోజు కాదు, బిల్లు ఇచ్చిన రోజు అని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తేల్చింది. ఆ తీర్పులోనే, పొరపాటున తక్కువ వేసిన బిల్లుకు రెండేళ్ల తరువాత కూడా అదనపు డిమాండు పంపవచ్చుననీ, దాని కోసం కనెక్షన్ తీసివేసే అధికారం మాత్రం లేదనీ చెప్పింది. కనుక మీ అర్జీలో బాకీ ఉన్నదా లేదా అన్న వాదనను తరువాతకు ఉంచి, ఫ్యూజు తీయడానికి వీలు లేదన్న మాటనే ముందు పెట్టండి. దుకాణం మూసిన తేదీకి ఆధారం ఏదైనా ఉంటే జతచేయండి.

ఆఫీసులో పని జరగకపోతే 42వ సెక్షన్ కింద ఏర్పడిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాయండి. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. మన రెండు జిల్లాలూ 2020 నుంచి ఒకే పంపిణీ సంస్థ కింద లేవు కాబట్టి, పక్క జిల్లా బంధువులు చెప్పిన చిరునామాకు కాకుండా మీ బిల్లు మీద ఉన్న సంస్థకు చెందిన వేదికకే పంపండి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే ఉత్తర్వు అందిన 30 రోజులలో విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. వినియోగదారుల కోర్టుకు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే ఆలోచించి వెళ్లండి. తప్పిపోయిన బిల్లును తరువాత అడగడం సేవా లోపం కాదని సుప్రీంకోర్టు 2021లో మరో కేసులో చెప్పి ఉన్నది.

ప్రశ్న: కనిగిరిలో 2024లో పాత ఇల్లు కొన్నాము. 2022-23లో వాడిన యూనిట్లకు ట్రూ అప్ అని మా బిల్లులో వేస్తున్నారు. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నది మేము కాదు కదా? (ఒక పాఠకురాలు)

సమాధానం: కరెంటు కొనుగోలుకు, ఇంధనానికి ముందుగా వేసిన అంచనా కంటే ఎక్కువ ఖర్చయినప్పుడు, ఆ తేడాను నియంత్రణ మండలి అనుమతితో తరువాత వసూలు చేయడమే ట్రూ అప్. నెలనెలా యూనిట్‌కు 40 పైసల వరకు వేసే సర్దుబాటు కూడా ఈ కుదురుకే చెందినది. ఇది మనిషిని చూసి వేసేది కాదు, ఆ సర్వీసు నంబరు మీద అప్పట్లో వాడిన యూనిట్లను చూసి వేసేది. నిబంధనలు అనుమతించిన చోట, పాత యజమాని విద్యుత్ బకాయిలను కొత్త యజమాని నుంచి రాబట్టవచ్చునని సుప్రీంకోర్టు 2023 మేలో చెప్పింది కూడా. మీ కోపం న్యాయమైనదే, కానీ దానిని పంపవలసిన చిరునామా కరెంటు ఆఫీసు కాదు, మీకు ఇల్లు అమ్మినవారు. ఇకపై ఇల్లు కొనేవారు రిజిస్ట్రేషన్‌కు ముందే బకాయిలు లేవన్న పత్రంతోపాటు, పాత వాడకంపై తరువాత పడే సర్దుబాటు అమ్మేవారిదేనని ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవాలి.

ప్రశ్న: కావలిలో మా పాత మీటరు తీసి కొత్తది పెట్టారు. అప్పటి నుంచి 20, 30 యూనిట్లు ఎక్కువ వస్తున్నాయి. కొత్త మీటర్లు వేగంగా తిరుగుతాయంటున్నారు, నిజమేనా? (ఒక వ్యాపారి)

సమాధానం: మీది చక్రం తిరిగే పాత మీటరు అయితే, వేగంగా తిరుగుతున్నది కొత్తది కాదు, నెమ్మదిగా తిరిగింది పాతదే అయి ఉండవచ్చు. అరిగి, దుమ్ము పట్టిన చక్రం టీవీ పెట్టె, ఫోను ఛార్జరు వంటి చిన్న వాడకాన్ని పట్టించుకునేది కాదు. ఎలక్ట్రానిక్ మీటరు దేనినీ వదలదు. అయినా నమ్మకం కుదరకపోతే, బుచ్చిరెడ్డిపాళెం పాఠకురాలికి చెప్పిన రాడ్డు పరీక్ష చేసి చూడండి. పెట్టింది స్మార్ట్ మీటరు అయితే, అది పెట్టకముందు కాలానికి, అందులో నమోదైన గరిష్ఠ లోడును చూపి జరిమానా వేయకూడదని, వినియోగదారుల హక్కులపై 2020 నిబంధనలకు 2023లో చేసిన సవరణలో ఉన్న సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: కొత్తపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉంటాము. ఉప్పుగాలికి మీటరు తుప్పు పట్టి, అంకెలు కనిపించడం మానేశాయి. రీడింగు తీసే అబ్బాయి నెలనెలా సగటు వేసి పోతున్నాడు. (ఒక మత్స్యకార కుటుంబం)

సమాధానం: అంకెలు కనిపించని మీటరు చెడిపోయిన మీటరే. చెడిన మీటరును పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 72 గంటల్లో మార్చాలన్నది నియమం. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, అదే రోజు ఆ నంబరును రాసి సెక్షన్ ఆఫీసులో కాగితం కూడా ఇవ్వండి. కొత్త మీటరును సముద్రం వైపు గోడకు కాకుండా, వాన జల్లు తగలని లోపలి వైపు గోడకు, మూత ఉన్న పెట్టెలో బిగించమని అడగండి. పాత మీటరు తీసుకువెళ్లే ముందు దాని నంబరు కనిపించేటట్లు ఫొటో తీసి, మార్పిడి కాగితం మీద రాసిన ఆఖరి అంకె ఏమిటో చూసిన తరువాతనే సంతకం పెట్టండి. తెర ఆరిపోయిన మీటరుకు ఆఖరి అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడగడానికి మొహమాటపడవద్దు.